దోమలను పెంచిన కోడలు

ఊరంతా దోమలను చంపడానికి నానా తంటాలు పడుతుంటే, ఓ ఇంటి కోడలు మాత్రం దోమలను పెంచే ఉద్యోగంలో చేరింది. ఈ మాట చెబితే ఎవరైనా ముందు నవ్వుతారు, తర్వాత "నిజమా?" అంటారు, ఆ తర్వాత ఎందుకైనా మంచిదని రెండడుగులు వెనక్కి జరుగుతారు. నిజమే. నెల జీతం, వారానికో సెలవు, తెల్లకోటుతో సహా నిజమైన ఉద్యోగం. సంగతి బయటపడ్డాక వీధివాళ్ళు ఆమెకు దోమలమ్మ అని పేరు పెట్టేశారు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమె ముసిముసిగా నవ్వుకునేదే తప్ప మొహం మాడ్చుకునేది కాదు.

ఆరోగ్యశాఖ పాత గోదాము వెనక ఉంది ఆ గది. దానికి రెండు తలుపులు. లోపలి జీవి ఒక్కటి కూడా పొరపాటున బయటపడకూడదని, మొదటిది మూస్తే తప్ప రెండోది తెరవరు. లోపల వంటింట్లో పొయ్యిలన్నీ ఒక్కసారే వెలిగించినంత ఉక్క. గోడల పొడుగునా ఇనుప అరలు, అరల్లో తెల్లటి పళ్ళేలు, పళ్ళేల్లో వేలి కణుపు మునిగేంత నీళ్ళు. మరోపక్క వలగుడ్డ బిగించిన పంజరాలు. చేరిన కొత్తలో ఆమె చేతికి ఓ గుడ్డముక్క ఇచ్చి, దాని మీద గుడ్లున్నాయి చూడమన్నారు. ఎంత చూసినా మసి తప్ప ఏమీ కనబడలేదు.

"ఇవి నెలల తరబడి ఇలా ఎండిపోయి పడుంటాయి. చచ్చాయనుకోకు," అంది అక్కడి పెద్ద మేడమ్.

ఆ గుడ్డను నీళ్ళలో వేసి, మర్నాడు మూత తీసి చూస్తే ఆ మసి ఈదుతోంది. కోడలికి ఒళ్ళు జలదరించింది. చీపురుతో ఊడ్చి పారేసే నలుసులో అంత ఓపిక ఎక్కడ దాక్కుందో ఆమెకు అంతుపట్టలేదు. ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కూడా అదే ఆలోచన. చంపడానికి మనం పడే పాట్లన్నీ ఇంత మొండి ప్రాణంతోనా అనిపించి, భయమూ గౌరవమూ కలగలిసి ఏం చెయ్యాలో తోచక నవ్వేసింది.

పెంచడమెందుకంటే, దానికో లెక్క ఉంది. సీతాకోకచిలుకల్లోనూ, పండ్ల మీద ముసిరే ఈగల్లోనూ హాయిగా కాపురముండే ఓ సూక్ష్మజీవిని శాస్త్రవేత్తలు ఈ దోమలోకి ఎక్కించారు. అది ఒంట్లో ఉన్న దోమలో డెంగీ వైరస్ సరిగా ఎదగలేదు. తల్లి దోమకుంటే పిల్లలకూ గుడ్డులోనే వచ్చేస్తుంది. అలాంటి దోమలను వీధుల్లోకి వదిలితే, కొన్ని నెలలకు వీధి దోమలన్నీ ఆ సంతానమే అవుతాయి. కుడతాయి, దురద పెడతాయి, చిరాకు పుట్టిస్తాయి. జ్వరాన్ని మాత్రం ఒకరి నుంచి ఇంకొకరికి మోసుకెళ్ళడం తగ్గిపోతుంది. మేడమ్ ఇదంతా చెప్పినప్పుడు కోడలు నోరు తెరుచుకుని వింది. శత్రువును చంపకుండా దాని చేతిలో కత్తి మాత్రం లాగేసుకోవడమన్నమాట!

అయితే ఆడదోమ రక్తం తాగితే గాని గుడ్డు పెట్టదు. మగవి పాపం చక్కెరనీళ్ళతో సరిపెట్టుకునే సాధుజీవులు. కాబట్టి జ్వరం లేదని, మందులేవీ వాడటం లేదని పరీక్షించి చూసుకున్నాక, ఒప్పుకున్నవాళ్ళు పంజరంలో చెయ్యి పెడతారు. మొదటిసారి పెట్టినప్పుడు కోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి మోచేతి దాకా నల్లటి తొడుగు వేసుకున్నట్టుంది చెయ్యి. చూస్తుండగానే ఒక్కొక్క పొట్టా ఎర్రగా ఉబ్బుతోంది. అది తన రక్తం. రేపు ఆ రక్తంతో గుడ్లు పెడతాయి, ఎల్లుండి ఆ గుడ్లు వీధుల పాలవుతాయి. తాను ఎన్నడూ అడుగుపెట్టని ఇళ్ళలో తన రక్తం పెట్టిన సంతతి రెక్కలల్లార్చుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఇంట్లో ఉంది.

ఆ ఇంటి అత్తగారిని పిల్లలు బోర్లించే బామ్మ అంటారు. రోజూ పొద్దున్నే చేతికర్ర పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరికి తనిఖీకి బయల్దేరుతుంది. పూలకుండీ అడుగు పళ్ళెం, పాత బకెట్, పిల్లల బొమ్మలారీ, ఎవరో మరిచిపోయిన గ్లాసు, నీళ్ళు నిలిచినదేదైనా సరే, ఆవిడ కర్ర తగిలిందా బోర్లా పడాల్సిందే. ఎవరైనా గొణిగితే, "నీళ్ళు కావాలా, మనుషులు కావాలా?" అనడిగేది. జవాబు చెప్పే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు.

ఉండదు మరి. కొన్నేళ్ళ కిందట ఆ వీధిలో జ్వరాలు ముసిరినప్పుడు మంచాన పడ్డవాళ్ళలో ఆవిడా ఉంది, ఆవిడ భర్తా ఉన్నాడు. గడియారాలు బాగుచేసేవాడు మామగారు. ఆవిడ కోలుకుంది. ఆయనకు ఓ పొద్దున జ్వరం పూర్తిగా దిగిపోయింది. పీడా విరగడైందని అందరూ సంబరపడ్డారు. ఆయన నున్నగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఆపినా ఆగకుండా దుకాణానికి వెళ్ళాడు. సాయంత్రానికి ఆయనను దుకాణం నుంచి ఆసుపత్రికి మోసుకెళ్ళారు, దక్కలేదు. అప్పుడు ఆసుపత్రి డాక్టరమ్మ కోడల్ని పక్కకు పిలిచి రెండు మాటలు చెప్పింది. ఈ జ్వరం దిగినప్పుడే అసలు గండం మొదలవుతుందనేది ఒకటి. ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, మీ అత్తగారికి ఒకటి వచ్చి పోయింది, ఇంకో రకం వస్తే ఈసారి మరింత గట్టిగా పట్టుకోవచ్చు అనేది రెండోది. ఆ రెండో మాట కోడలి గుండెలో ముల్లులా దిగబడిపోయింది. దోమల గదిలో మనుషులు కావాలని ప్రకటన చూసిన రోజు, దర్జీ దుకాణంలో చేస్తున్న కుట్టుపని మానేసి ఆమె అక్కడికి పరిగెత్తింది అందుకే. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో "ల్యాబ్‌లో పని" అనేసి ఊరుకుంది.

ల్యాబ్ గుట్టు చేతి మీది దద్దుర్లు బయటపెట్టాయి. ఓ ఆదివారం బట్టలు ఆరేస్తుంటే ఆమె కుర్తా పొడుగు చెయ్యి పైకి జరిగింది.

"ఏంటే అది?" అంది అత్తగారు.

దాచి లాభం లేదని కోడలు ఉన్నదున్నట్టు చెప్పింది. సూక్ష్మజీవి గురించి చెప్పింది, సీతాకోకచిలుకల గురించి చెప్పింది. ఆవిడ చెవికి అవేవీ ఎక్కలేదు.

"నా మొగుణ్ణి మింగిన దాన్ని నువ్వు నీ రక్తం పోసి పెంచుతున్నావా?" అంది. గొంతు పెంచలేదు. నిప్పులు కక్కినా బాగుండేది.

"అత్తయ్యా, అది కాదు..."

"నాతో మాట్లాడకు."

ఆవిడ అన్నంత పనీ చేసింది. ఆ రోజు నుంచి కోడలితో మాట బంద్. కొడుకు ఇంట్లో ఉంటే కబురు అతని ద్వారా. అతనేమో లారీ డ్రైవరు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే. "ఈ ఇంట్లో ఇద్దరు మంత్రులు, ప్రజలంటే నేనొక్కణ్ణే," అని క్లీనర్ దగ్గర మొత్తుకునేవాడు. అతను లేనప్పుడు అత్తగారు గోడతో మాట్లాడేది. "ఈ ఇంట్లో ఉప్పు నిండుకుంది," అని వంటింటి గోడకు చెప్పేది. కోడలు మౌనంగా వెళ్ళి ఉప్పు తెచ్చేది. "ఈ ఇంట్లో తలుపు దభాలున వేస్తారు," అని ముందుగది గోడకు ఫిర్యాదు. కోడలు తలుపు మెల్లగా వేసేది. ఆ గోడకే నోరుంటే ఇద్దరికీ చెరో లెంపకాయ ఇచ్చి రాజీ చేసి ఉండేది. దానికి లేకపోయె.

వానలు పడే ముందు ఆ వీధి వంతు వచ్చింది. ఇంటింటికీ వెళ్ళి అనుమతి తీసుకుని, పెరళ్ళలో మూతకు చిల్లులున్న తెల్ల డబ్బాలు వేలాడదీశారు. ఒక్కొక్క దానిలో కాసిని నీళ్ళు, గుడ్లున్న గుడ్డముక్క, చిటికెడు మేత. రెండు వారాలు ఎవరూ ముట్టుకోకూడదు. అత్తగారిని అడిగితే, "ఎవరి పెరట్లో ఏం పెట్టుకుంటే నాకేం," అని గోడకు చెప్పింది. అదే అంగీకారమనుకున్నారు అమాయకులు. వారం తిరగకుండా మేడమ్ వచ్చి చూస్తే డబ్బాలన్నీ వట్టివి. వీధి మొదలు నుంచి చివరి దాకా, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా బోర్లించి ఉన్నాయి. ఎవరి పనో అడగాల్సిన పనే లేదు.

కోడలు ఖాళీ డబ్బాలు ఏరుతూ ఏడ్చింది. తన చెయ్యి దద్దురెక్కించుకుని పెట్టించిన గుడ్లు అవి. అయినా ఎవరిని అనగలం? కనబడిన నీళ్ళల్లా పారబొయ్యమని ఆ వీధికి ఏళ్ళ తరబడి నూరిపోసింది ఆరోగ్యశాఖే. నీళ్ళలో పురుగు కదులుతుంటే చూస్తూ ఊరుకోవడం బోర్లించే బామ్మ వల్ల అయ్యే పనేనా? మేడమ్ కూడా ఓ నిట్టూర్పు విడిచి, "మళ్ళీ పెడదాంలే," అంది.

మళ్ళీ పెట్టేలోగా అత్తగారికి జ్వరం వచ్చింది.

ఇక్కడో మాట చెప్పాలి. ఆ డబ్బాలు పారబొయ్యకపోయినా ఆ జ్వరం ఆగేది కాదు. అది నెలల మీద ఫలించే పని. పాపం పండిందని లోపల్లోపల సంతోషించిన ఇరుగుపొరుగు కాస్త నోరు కట్టుకుంటే మంచిది. జ్వరం మాత్రం తక్కువ రకం కాదు. కళ్ళ వెనక పోటు, ఎముకలు విరిచేస్తున్నట్టు నొప్పులు. పరీక్షలో డెంగీ అనే తేలింది. కోడలు మంచానికి దోమతెర కట్టింది, ఆవిణ్ణి కుట్టిన దోమ ఆ జ్వరాన్ని పక్కింటికి మోసుకెళ్ళకుండా. డాక్టరు చెప్పిన పారసిటమాల్ తప్ప ఇంకో నొప్పిబిళ్ళను ఇంటి గడప తొక్కనివ్వలేదు, రక్తస్రావం పెరుగుతుందని. నీళ్ళు, పళ్ళరసం గ్లాసులతో తెర పక్కన పెట్టేది. ఆవిడ తాగి, "ఈ ఇంట్లో రసంలో చక్కెర ఎక్కువ," అని గోడకు చెప్పేది. కోడలికి ఆ మాట వింటే ప్రాణం లేచివచ్చేది. గోడను తిడుతోందంటే మనిషి బాగున్నట్టే.

ఓ పొద్దున జ్వరం దిగిపోయింది. ఒళ్ళు చల్లగా ఉంది. ఫోన్లో కొడుకు, "హమ్మయ్య, అమ్మ గట్టెక్కింది," అన్నాడు. కోడలికి మాత్రం గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని గడప దాటిన మామగారు కళ్ళ ముందు మెదిలాడు. ఎలా ఉందని అత్తగారిని అడిగింది. జవాబు లేదు. అది మామూలే. కానీ రసం గ్లాసు అలాగే ఉంది. చక్కెర ఎక్కువైందనో తక్కువైందనో గోడకు కూడా చెప్పలేదు. అటూ ఇటూ దొర్లుతోంది, పొట్ట మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. పొద్దున్నుంచి ఒక్కసారైనా బాత్‌రూమ్‌కి వెళ్ళలేదు. కోడలు తెర ఎత్తి చెయ్యి పట్టుకుంది. మంచులా ఉంది.

ఆ అరచేతిని పట్టుకున్నప్పుడు ఆమెకు సంగతి అర్థమైంది. ఆవిడకు కడుపులో భరించలేని నొప్పి వస్తోంది. చెప్పాలంటే ఇంట్లో ఉన్నది కోడలొక్కతే. కోడలితో మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు కోసం పళ్ళ బిగువున నొప్పి దిగమింగుతూ చావుకు సిద్ధపడుతోంది ఆ పెద్దమనిషి! కోడలికి ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది.

"మీరు నాతో మాట్లాడొద్దు. జన్మలో మాట్లాడొద్దు. బండి పిలుస్తున్నాను, నోరు మూసుకుని ఎక్కండి!"

అత్తగారిని ఆ ఇంట్లో నోరు మూసుకోమన్నవాళ్ళు అంతకుముందు లేరు. ఆవిడ బిత్తరపోయి చూసింది. చూస్తుండగానే కోడలు ఆవిణ్ణి రెండు చేతులతో లేపి కూర్చోబెట్టి, చెప్పులు తొడిగింది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. డాక్టరమ్మ కోడలికి అర్థమయ్యేలా చెప్పింది: "రక్తనాళాల్లోంచి నీరు ఊరిపోతోంది. లోపల మిగిలిన రక్తం చిక్కబడుతోంది. ఎక్కువ పోస్తే ఊపిరితిత్తుల్లో చేరుతుంది, తక్కువ పోస్తే గుండెకు చాలదు. అందుకే మాటిమాటికీ రక్తం తీసి చూస్తున్నాం."

"ఆ నాళాలు మళ్ళీ ఎప్పటికి బాగవుతాయి, డాక్టర్?"

"వాటంతటవే బాగవుతాయి, ఒకట్రెండు రోజుల్లో. ఊరిన నీరు మళ్ళీ దారి పట్టుకుని లోపలికే వచ్చేస్తుంది. అందాకా మనిషిని పట్టి నిలబెట్టడమే మా పని."

వాటంతటవే! కోడలు మంచం పక్కన కూర్చుని ఆ చెయ్యి కేసి చూసింది. వీధిలోని డబ్బాలన్నిటినీ బోర్లించిన చెయ్యి అది. ఆ ముడతల కింద కంటికి కనబడని గొట్టాల్లో ఎంతటి ఉత్పాతం జరుగుతోందో, దాన్ని ఎవరూ చెప్పకుండానే సర్దుకోవడం ఎంత వింతో అనుకుంటే ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. నర్సు వచ్చినప్పుడల్లా కోడలు ఆమె మొహం చదివేది. చాలాసేపు ఆ మొహంలో ఏ కబురూ లేదు. ఆఖరికి నర్సు మూత్రం సంచీ ఎత్తి చూసి, "దిగుతోందమ్మా, బాగా దిగుతోంది," అంది. మూత్రం సంచీ చూసి దండం పెట్టిన మనిషి లోకంలో ఆ కోడలొక్కతేనేమో.

అత్తగారు కళ్ళు తెరిచింది. గోడ కేసి చూడలేదు.

"ఏమే," అంది నీరసంగా. "నువ్విక్కడే కూర్చున్నావు. నీ దోమలకి ఇవాళ తిండెవరు పెట్టారు?"

కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఇంకొకరు పెడతారత్తయ్యా. మనింట్లో జ్వరముంది కదా, కొన్ని వారాలు నన్ను చెయ్యి పెట్టనివ్వరు."

"అంత శుభ్రమా వాటికి?"

"మనకంటే ఎక్కువ."

"ఊఁ," అంది అత్తగారు. కోడలి చెయ్యి దగ్గరికి లాక్కుని, "ఇదంతా నా కోసం చేశావా?" అనడిగింది. ఎవరు చెప్పారో తెలీదు. డాక్టరమ్మే పాత మాట కదిపి ఉంటుంది. కోడలు తల అడ్డంగా ఊపబోయి, అబద్ధం ఎందుకని ఊరుకుంది. ఆవిడ కళ్ళు మూసుకుని, ఆమె చేతి మీది పాత మచ్చలను వేలితో తడుముతూ పడుకుంది.

కోలుకున్నాక అత్తగారు దోమల గది చూస్తానని పట్టుబట్టింది. కోడలు మళ్ళీ చెయ్యి పెట్టే రోజు చూసుకుని, మేడమ్ అనుమతితో తీసుకెళ్ళింది. తెల్లకోటు తొడుక్కుని, రెండు తలుపులూ దాటి, ఆ ఉక్కలోకి అడుగుపెట్టి, ఆవిడ ఓ పళ్ళెం మీదికి వంగింది. చెయ్యి అలవాటుగా దాని అంచు పట్టుకుంది. కోడలు ఆపడానికి ఓ అడుగు ముందుకేసింది. కానీ ఆవిడ పళ్ళెం ఎత్తలేదు.

నీటి పైన కామా గుర్తులా వంగి తేలుతున్న ఓ ప్రాణి నిటారుగా సాగింది. దాని వీపు సన్నగా చీలింది. ఆ చీలికలోంచి తల వచ్చింది, తర్వాత మడతబడి తడిసిన రెక్కలు, తర్వాత వెంట్రుకల్లాంటి కాళ్ళు ఒక్కొక్కటే. తాను విడిచిన పొట్టునే పడవ చేసుకుని, నీళ్ళ మీద నిలబడి, రెక్కలు ఆరబెట్టుకుంది దోమ. పుట్టిన నీళ్ళలో ఒక్క కాలైనా ముంచలేదు. దోమలను చంపడంలో ఇన్నేళ్ళు గడిపిన ఆవిడ, దోమ పుట్టడం చూడటం అదే మొదలు.

"ఎవరు నేర్పారే దీనికి?" అంది గుసగుసగా.

"ఎవరూ నేర్పలేదత్తయ్యా."

ఆవిడ చాలాసేపు వంగినచోటి నుంచి లేవలేదు. లేచేసరికి కోడలు పంజరం ముందు కూర్చుని, కుర్తా చెయ్యి మడుచుకుని, వలగుడ్డ తొడుగులోంచి మోచేతి దాకా లోపలికి పెట్టింది. క్షణంలో చెయ్యి నల్లబడింది. అత్తగారి కుడిచెయ్యి కొట్టడానికి తనంతట తానే పైకి లేచింది. గాల్లో ఆగింది. ఆవిడ దాన్ని మెల్లగా దించి, కోడలి భుజం మీద వేసింది. ఆ చిన్న చిన్న పొట్టలు ఎర్రబడటం కళ్ళార్పకుండా చూస్తూ, పంజరం దగ్గరకు మొహం పెట్టి అంది:

"నెమ్మదిగా తాగండే. మా పిల్ల చెయ్యి అది."